మా ఇంట్లో మాట ఆగిపోయిన ఏడు నెలలు

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను నరసన్నపేట మండలంలో ఒక పల్లెలో 26 ఏళ్ళు అంగన్‌వాడీ కార్యకర్తగా చేసి రిటైరయ్యాను. పేపరుకి ఉత్తరం రాయడం ఇదే మొదలు. మీ జిల్లా పేజీ నిండా ఇప్పుడు నర్సరీ, ఎల్‌కేజీ అడ్మిషన్ల ప్రకటనలే కనిపిస్తున్నాయి, వాటిని చూసినప్పుడల్లా మా మనవరాలికి జరిగిందే ఇంకెన్ని ఇళ్ళలో జరుగుతోందో అని మనసు ఆగక రాస్తున్నాను. కాస్త పొడుగైనా వేయండి.

పోయిన ఏడాది జూన్‌లో మా అబ్బాయి, కోడలు పిల్లని తీసుకుని శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు బడికి వెళ్ళారు, వచ్చే ఏడాదికి సీటు ఉంటుందో లేదో కనుక్కుందామని. పిల్లకి అప్పటికి రెండేళ్ళ ఎనిమిది నెలలు. అక్కడి టీచరు కోడి బొమ్మ చూపించి ఇదేమిటి అని అడిగితే మా పిల్ల 'ఇది కోడి. మా మామ్మ కాడున్నాది. గుడ్డెట్టింది' అంది. ఆ వయసుకి అది ఎంత చక్కటి జవాబో 26 ఏళ్ళు పిల్లల మధ్య బతికినదాన్ని నాకు తెలుసు. మూడు వాక్యాలు, ఒకదాని వెనక ఒకటి, అన్నీ ఆ కోడి గురించే. కానీ ఆవిడ మా కోడలితో 'పిల్ల చురుకైనదే, యాస మాత్రం బాగా పట్టేసింది, ఇంట్లో తెలుగు ఆపేసి ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే వెనకబడిపోతుంది' అని చెప్పి పంపారు. ఫారంలో మదర్ టంగ్ అని ఒక గడి ఉంటే అందులో తెలుగు అని రాస్తే సీటు పోతుందేమోనని మా కోడలు దాన్ని ఖాళీగా వదిలేసి వచ్చింది.

మా కోడలిది టెక్కలి దగ్గర ఊరు, ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదివింది. బిడ్డ బాగుండాలన్న ఆశ తప్ప దాని మనసులో ఇంకేమీ లేదు, అందుకే నేను దాన్ని ఒక్క మాట కూడా అనలేకపోయాను. ఒక నోటుబుక్కులో మాటలు రాసుకుంది. కమ్, సిట్, ఈట్, డోంట్ టచ్, గుడ్ గర్ల్, ఇలాంటివి ఓ అరవై దాకా. ఆ అరవై మాటలతో ఏడు నెలలు పిల్లని పెంచింది.

అంతకుముందు అన్నం పెట్టేటప్పుడు ఎలా ఉండేదో చెప్తాను. 'ఒలమ్మా, సూడు సూడు, కాకొచ్చీసింది, నీ బువ్వ ఎత్తుకెలిపోతాది, బేగి తినీ, ఏదీ పెద్ద ముద్ద, అదీ, కాకికి పెడదామా వద్దా, పాపం దానికీ ఆకలేస్తాది కదా' అని ముద్దముద్దకీ పది మాటలు చెప్పేది, పిల్ల మధ్యలో అడ్డొచ్చి 'కాకికి అమ్మ నేదా?' అని అడిగేది, అక్కడి నుంచి కాకి అమ్మ ఎక్కడికెళ్ళిందో ఓ కథ నడిచేది. జూన్ తర్వాత అదే అరుగు మీద, అదే కంచంతో, 'ఈట్' అనేది. పిల్ల తినేది. అయిపోయేది. ఇంగ్లీషు మాట్లాడదామంటే కోడలికి అంతకన్నా రాదు, తెలుగు మాట్లాడదామంటే తప్పు చేస్తున్నానేమోనని భయం. నేను పిల్లని ఒళ్ళో వేసుకుని ఏదైనా చెప్పబోతే 'అత్తా, మీరు మాట్లాడకండి, మళ్ళీ అదే మాట వచ్చీస్తాది' అని బతిమాలేది. మా అబ్బాయి పైడిభీమవరంలో మందుల కంపెనీలో షిఫ్టులు చేస్తాడు, వాడు ఇంట్లో ఉండేదే తక్కువ. మిగిలింది ఫోను. ఇంగ్లీషు పాటల వీడియోలు పెట్టి చేతికిచ్చేవారు, ఇంగ్లీషు అయినా వస్తుందని.

దీపావళి నాటికి పిల్ల వేలుతో చూపించి అడగడం మొదలుపెట్టింది. నీళ్ళు కావాలంటే బిందె వైపు చెయ్యి, బయటికెళ్ళాలంటే గుమ్మం వైపు చెయ్యి. పక్కింటి పిల్లల్ని కొరికేది. మాట మాత్రం మంచం కింద దూరి బొమ్మతో గుసగుసగా మాట్లాడుకునేది, అదీ మన మాటే. నేను ఆ గుసగుస విని వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

సంక్రాంతికి మా అన్నయ్య కొడుకు వచ్చాడు, విశాఖలో భాషాశాస్త్రం చదువుకున్నవాడు. పిల్లని ఒక పూటంతా చూసి మొదట అడిగింది 'అత్తా, దీని చెవులు పరీక్ష చేయించారా?' అని. ఆ ప్రశ్నకి నా గుండె ఝల్లుమంది. ఎందుకంటే నా సర్వీసులో ఒక పిల్లాడి విషయంలో ఆ ప్రశ్న వేయాల్సింది నేను, వేయలేదు. ఆ పిల్లాడికి మూడేళ్ళు దాటినా అమ్మ, అత్త తప్ప మాట లేదు. వాళ్ళ తాతకీ ఆలస్యంగానే వచ్చిందట అని ఇంట్లోవాళ్ళు అన్నారు, నేనూ సరేననుకున్నాను. బరువు తూచాను, గుడ్డు పెట్టాను, చార్టులో చుక్క పెట్టాను. కంచం కింద పడితే తిరిగి చూసేవాడు కాబట్టి వినబడుతోందనే అందరి నమ్మకం. గట్టి చప్పుళ్ళు అందుతూ మాటలోని సన్నటి శబ్దాలు అందని చెవుడు ఉంటుందని నాకు అప్పటికి తెలీదు. నాలుగో ఏట గానీ పరీక్ష జరగలేదు. చెవికి వినికిడి మిషన్ పెట్టాక ఆ పిల్లాడు వాళ్ళమ్మ గొంతుకి ఉలిక్కిపడి చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది, పోయిన ఆ మూడేళ్ళూ తిరిగి ఇవ్వలేకపోయామన్న బాధ కూడా.

అందుకని తల్లులందరికీ చెప్తున్నాను. నెలల బిడ్డ ఉంగా ఉంగా అంటోంది కదా, చెవులు బాగానే ఉంటాయి అనుకోకండి. వినబడని బిడ్డ కూడా మొదట్లో అలాగే ఉంగా అంటుంది. ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకి ఒక్క మాటా లేకపోయినా, రెండేళ్ళకి 'అమ్మా రా', 'పాలు కావాలి' లాంటి రెండేసి మాటలు కలపకపోయినా ఆగకుండా చూపించాలి. పసిబిడ్డ నిద్రపోతుండగానే చెవిలో చిన్న గొట్టం పెట్టి నిమిషాల్లో చేసే పరీక్ష ఉంది, నొప్పి ఉండదు. నెలలోపు పరీక్ష, లోపం ఉంటే ఆరు నెలలకల్లా మిషన్‌గానీ వైద్యంగానీ మొదలుపెడితే ఆ బిడ్డ మాటకి మంచి అవకాశం ఉంటుందని డాక్టర్లు చెప్తారు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు వస్తున్నాయి, వాళ్ళు చూడాల్సిన లోపాల జాబితాలో వినికిడీ ఉంది, మాట ఆలస్యం కావడమూ ఉంది. వాళ్ళు వచ్చిన రోజు బిడ్డని కూలికి తీసుకెళ్ళిపోకుండా కేంద్రానికి పంపండి.

మా మనవరాలి చెవులు పరీక్ష చేయించాం, బాగానే ఉన్నాయి. అప్పుడు మా మేనల్లుడు 'అత్తా, ఇంతమంది ఇంట్లో ఉండి దీన్ని ఒంటరిదాన్ని చేసేసారు' అన్నాడు. కోడలు మొహం చూడలేకపోయాను. కానీ వాడు దాన్ని తిట్టలేదు, మూడు రాత్రులు భోగి మంట దగ్గరా అరుగు మీదా కూర్చుని పసిబిడ్డకి మాట ఎలా వస్తుందో చెప్పాడు. అందులో సగం నేను కళ్ళతో చూసినవే, వాటి వెనక ఇంత సంగతి ఉందని మాత్రం తెలీదు.

కడుపులో ఉండగానే, ఆఖరి మూడు నెలల్లో, బిడ్డకి తల్లి గొంతు వినబడుతుందట. అమెరికాలో 1980లో పుట్టి మూడు రోజులు కూడా నిండని బిడ్డల మీద ఒక పరీక్ష చేశారు. నోట్లో పాలపీక పెట్టి, ఒక తీరున చప్పరిస్తే తల్లి గొంతు, ఇంకో తీరున చప్పరిస్తే వేరే ఆడమనిషి గొంతు వినబడేలా పెడితే, ఆ పసిగుడ్లు తల్లి గొంతు కోసమే చప్పరించాయట. మన పెద్దవాళ్ళు అభిమన్యుడి కథ చెప్పి కడుపుతో ఉన్నవాళ్ళ దగ్గర మంచి మాట్లాడమనేవారు. మాట అర్థం కాకపోయినా గొంతూ, ఆ పలుకు సాగే తీరూ బిడ్డకి అప్పటికే పరిచయం అన్నమాట.

ఇంకోటి విని నేను నోరు తెరిచాను. మన ట, త ఉన్నాయి కదా. ఇంగ్లీషువాళ్ళకి ఆ రెండూ ఒకేలా వినిపిస్తాయి, వేరు చెయ్యలేరు. కానీ వాళ్ళ పిల్లలు ఆరు, ఎనిమిది నెలల వయసులో వేరు చెయ్యగలరట! కెనడాలో 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు హిందీ ట, త వినిపించి చూస్తే, ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన ఆ బిడ్డలు తేడా పసిగట్టారు. అదే పది, పన్నెండు నెలలకి వచ్చేసరికి ఆ నేర్పు దాదాపు పోయింది. చుట్టూ ఎవరూ వాడని తేడాని బిడ్డ వదిలేసుకుంటుంది, చుట్టూ వాడేదాన్ని గట్టిగా పట్టుకుంటుంది. అంటే మన బిడ్డ అడుగులు వేయకముందే, మనం ఒక్క అక్షరం దిద్దించకముందే, ఇంట్లోవాళ్ళ నోట వినబడే పలుకులన్నీ ఏరుకుని దాచుకుంటోంది. అప్పుడు మనం ఎంత మాట్లాడితే అంత.

మాటకీ మాటకీ మధ్య మనం ఆగం. అంతా ఒకటే ధారగా పోతుంది. పసిబిడ్డకి ఎక్కడ ఏ మాట మొదలై ఎక్కడ ముగిసిందో ఎలా తెలుస్తుంది? 1996లో ఎనిమిది నెలల బిడ్డలకి అర్థంలేని పలుకులు ఆగకుండా రెండంటే రెండు నిమిషాలు వినిపించారట, ఏ పలుకు తర్వాత ఏ పలుకు తప్పకుండా వస్తోందో అంతలోనే లెక్క పట్టేశారు ఆ బిడ్డలు. మా మేనల్లుడు ఇది చెప్తుంటే నాకు మా కోడలి పాత మాటలే గుర్తొచ్చాయి. బువ్వతింటావా, బువ్వపెట్టనా, బువ్వయిపోయిందా, బువ్వకాకెత్తుకెలిపోతాది. వెనక వచ్చేవి మారుతున్నాయి, బువ్వ మాత్రం విడిపోకుండా ఉంది. అలా ఒక మాట విడిగా చేతికొస్తుంది బిడ్డకి. 'ఈట్' అని ఒంటిగా విసిరితే అందులో విడదీసుకోవడానికి ఏముంది చెప్పండి.

ఇక తప్పులు. పిల్లలు చేసే తప్పులంటే నాకు ఎప్పుడూ ముద్దే, ఇప్పుడు గౌరవం కూడా కలిగింది. మా పిల్ల 'కాలులు కడుక్కున్నాను' అనేది. చేతుల్ని 'చెయ్యిలు' అనేది, ఊళ్ళోని మేడల్ని చూపించి 'పెద్ద ఇల్లులు' అనేది. మా ఇంట్లో గానీ ఊళ్ళో గానీ పెద్దవాళ్ళెవరైనా కాలులు అంటారా? ఎవరూ అనని మాట పిల్లకి ఎక్కడి నుంచి వచ్చింది? బొమ్మలు, కాకులు, గుడ్లు విని, ఒకటి కంటే ఎక్కువైతే చివర లు చేరుతుందని తనంతట తనే కనిపెట్టి, దాన్ని కాలుకీ పెట్టింది. 1958లో జీన్ బెర్కో అనే ఆవిడ అమెరికాలో చిన్నపిల్లలకి ఒక పిట్టలాంటి బొమ్మ చూపించి, దానికి ఎక్కడా లేని పేరొకటి పెట్టి, ఇప్పుడు ఇవి రెండున్నాయి, రెండు ఏమిటి అని అడిగింది. ఎన్నడూ వినని ఆ మాటకి పిల్లలు బహువచనం చక్కగా కట్టారు. వింటున్నదాన్ని వినినట్టు తిరిగి అప్పజెప్పడం ఒక్కటే అయితే ఇది కుదరదు కదా, లోపల ఏదో పెద్ద పని జరుగుతోంది. నాన్న గుమ్మంలోకి రాగానే 'నాన్న వచ్చింది' అనే పిల్లని ఎంతమందిని చూశానో, పగలంతా తల్లుల మధ్య, అప్పల మధ్య తిరిగే పిల్ల మరి, వచ్చింది అన్నదే దాని చెవిన ఎక్కువ పడేది. ఓ ఏడాదికి అదే సర్దుకుంటుంది. ఒప్పించి, బెదిరించి, పదిసార్లు చెప్పించి దిద్దక్కర్లేదు. 'కాళ్ళు కడుక్కున్నావా? సబ్బుతోనేనా? ఏదీ చూపించు' అని మామూలుగా మాట కలిపితే చాలు, సరైన మాట దాని చెవిన పడుతుంది, మాటా ముందుకు సాగుతుంది.

ఫోను సంగతి కూడా చెప్పాలి. మేం ఫోను ఇచ్చింది ఇంగ్లీషు నేర్పుదామనే కాబట్టి ఇది విని నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. సియాటిల్‌లో పెట్రీషియా కూల్ అనే ఆవిడ బృందం 2003లో బయటపెట్టిన సంగతి ఇది. తొమ్మిది నెలల అమెరికా బిడ్డలకి చైనా మాట, మాండరిన్ అంటారట, పన్నెండుసార్లు వినిపించారు. కొందరి దగ్గర ఆ మాట వచ్చిన మనిషి నేల మీద కూర్చుని, బొమ్మలు చూపిస్తూ, కళ్ళలోకి చూస్తూ మాట్లాడింది. కొందరికి అదే మనిషిని, అవే మాటల్ని వీడియోలో చూపించారు. మనిషితో ఉన్న బిడ్డలు ఆ భాషలోని పలుకుల్లో తేడా పట్టుకున్నారు, వీడియో చూసిన బిడ్డలకి ఏమీ రాలేదు. ఏమీ అంటే ఏమీ. బిడ్డ ఉంగా అంటే ఫోను ఊఁ కొట్టదు, కాకి వైపు వేలు చూపిస్తే ఫోను కాకి వైపు చూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో రెండేళ్ళ లోపు పిల్లలకి స్క్రీను వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ళవాళ్ళకి రోజుకి గంట దాటనివ్వొద్దనీ చెప్పింది.

ఇంగ్లీషు వద్దని నేను అనడం లేదు, దయచేసి అలా అనుకోకండి. నా మనవరాలు ఇంగ్లీషు బాగా చదవాలి. పసిపిల్లలకి రెండు భాషలు, మూడు భాషలు బరువు కావు, ఇచ్ఛాపురం వైపు వెళ్ళి చూడండి, ఒడియా, తెలుగు రెండూ ఒకే వాకిట్లో ఆడుకుంటూ మాట్లాడే పిల్లలు కనిపిస్తారు, మేనత్తతో ఒకటి, పక్కింటివాళ్ళతో ఒకటి. ఇంట్లో ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేవాళ్ళుంటే పిల్లతో హాయిగా మాట్లాడుకోమనండి. లేని ఇంట్లో ఉన్న మాటని కూడా ఆపించడమే అన్యాయం. తల్లికి కోపమొచ్చినా, నవ్వొచ్చినా, కథ చెప్పాలన్నా, పిల్ల అడిగిన ఎందుకుకి జవాబు చెప్పాలన్నా నోటికి వచ్చే మాట ఒకటుంటుంది, పిల్లకి అది కావాలి. దాని మీద నిలబడి రేపు బడిలో ఇంగ్లీషు నేర్చుకుంటుంది.

యాస అన్న మాట గురించి ఒక్కటి చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు మా కోడలు తల దించుకుని వచ్చింది దానికే. వాడుకలో ఉన్న తెలుగునే బడిలోకి తేవాలని జీవితమంతా పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి గారు ఈ జిల్లావారే. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు, ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, కొండల్లో ఉండే సవర గిరిజనుల్లో తెలుగు వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట్లాడి మాట్లాడి సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలు వాళ్ళ మాటలోనే చదువుకోవాలని పుస్తకాలు రాశారు, బడులు పెట్టారు. ఆ కొండల్లో తిరిగి జ్వరాలొస్తే వాడిన క్వినైన్ వల్ల ఆయనకి చెవుడు వచ్చిందంటారు. పరాయివాళ్ళ పిల్లల మాట కోసం చెవులు పోగొట్టుకున్న మనిషి పుట్టిన జిల్లాలో, మన పిల్ల 'ఉన్నాది' అంటే సిగ్గుపడాలా? ఉన్నాది, నేదు, బేగి, ఇవి తప్పు మాటలు కావు, మన అమ్మలు మాట్లాడినవి. పుస్తకాల తెలుగు బడిలో ఎలాగూ వస్తుంది, టీవీలో వినబడుతుంది, పిల్ల ఎవరితో ఏది మాట్లాడాలో తనే నేర్చుకుంటుంది.

కనుమ మర్నాడు కోడలు ఆ నోటుబుక్కుని అటక మీద పడేసింది. మొదటి రోజు దానికే మాట రాలేదు పాపం, ఏడు నెలల అలవాటు. గిన్నెలు తోముతూ తోముతూ 'ఇదిగో ఈ గిన్నె సూడు, అడుగంతా మాడిపోనాది, ఎవరు మాడ్చీసేరు?' అంది పిల్ల వైపు చూడకుండానే. పిల్ల చాలాసేపు నిలబడి, దగ్గరికొచ్చి, 'నువ్వే' అంది. కోడలు మసి చేతులతోనే పిల్లని పట్టేసుకుంది. ఫోను పూర్తిగా మాన్పించడానికి ఇంకో నెల పట్టింది, ఆ నెల చాలా ఏడుపులు ఏడ్చింది. మార్చికల్లా ఎప్పటిలా ప్రశ్నల మీద ప్రశ్నలు, కొరకడం తగ్గిపోయింది. అందరికీ ఇంత తొందరగా సర్దుకుంటుందని నేను చెప్పను, అందుకే ముందు చెవులు చూపించమంటున్నాను, చెవులు బాగున్నా మాట రాకపోతే పిల్లల డాక్టరుకి చూపించమంటున్నాను.

బడులు నడిపేవాళ్ళకి చేతులు జోడించి అడుగుతున్నాను, తల్లిదండ్రుల్ని ఇంట్లో మాట మార్చుకోమని చెప్పకండి. మీ దగ్గరికి వచ్చాక మీకు వచ్చిన ఇంగ్లీషు మీరు నేర్పండి. ఇంటి నుంచి వచ్చే పిల్ల నోరు విప్పి మూడు వాక్యాలు చెప్పిందంటే ఆ తల్లిని మెచ్చుకుని పంపండి. అంగన్‌వాడీలో ఇప్పుడు పని చేస్తున్న చెల్లెళ్ళకి కూడా చెప్తున్నాను, మీకు యాప్‌లో ఫొటోలు, ఎంట్రీలు ఎక్కువైపోయాయని నాకు తెలుసు, అయినా అన్నం పెట్టేటప్పుడు పిల్లలతో మాట్లాడండి, రోజుకో పిల్లాడిని వెనక నుంచి మెల్లగా పేరు పెట్టి పిలిచి తిరుగుతాడో లేదో చూడండి.

మొన్న ఇంకో బడికి వెళ్ళారు మావాళ్ళు. అక్కడా ఫారంలో అదే గడి ఉందట. మా కోడలు అందులో తెలుగు అని రాసి ఇచ్చింది.

ఎడిటర్ గారూ, ఈ ఉత్తరంలో ఏది తగ్గించినా ఫర్వాలేదు, చోటు చాలలేదని ఆ చెవుల పరీక్ష గురించి రాసిన పేరా మాత్రం తీసెయ్యకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అంగన్‌వాడీ కార్యకర్త,
నరసన్నపేట మండలం, శ్రీకాకుళం జిల్లా